బొంత మధ్యలో చొక్కా

మొన్న మా కోడలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి చకచకా చేతిసంచీ కుట్టేసింది. మిగిలిన ముక్కతో కళ్లజోడుకి తొడుగు కూడా చేసింది. "అత్తయ్యగారండీ, మీ పాత చీరలుంటే ఇవ్వండి, దిండు గలీబులు కుడతాను" అంది కోడలు. బీరువా తెరిచి ఆరు చీరలు ఇచ్చాను. ఇదంతా ఇప్పుడే కనిపెట్టినట్టు వీళ్ల సంబరం. మా చిన్నతనంలో ఒక గుడ్డని ఇంట్లోంచి బయటికి పంపడమంటే మాటలు కాదు.

కొత్తపేటలో మా నాన్నగారి పంచె చిరిగితే ముందు తువ్వాలు, తర్వాత మజ్జిగ వడగట్టే గుడ్డ, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఆయన టెరిలిన్ ప్యాంటు కాళ్లు కోసి మా అమ్మ బజారు సంచీ కుట్టింది, జేబు మాత్రం తీయలేదు. కూరలమ్మే ఆవిడ ముందు అమ్మ ఆ జేబులో చెయ్యి పెట్టి చిల్లర వెతుకుతుంటే, నాన్నగారు నాలుగడుగులు దూరంగా, ఆ ప్యాంటుతో తనకేమీ సంబంధం లేనట్టు నిలబడేవారు. చొక్కాలతో కుట్టిన గలీబులకి గుండీలు అలాగే ఉండేవి. పొద్దున్న లేచేసరికి మా అక్క బుగ్గ మీదా నా బుగ్గ మీదా గుండ్రటి అచ్చులు. రాత్రి ఎవరు ఎటు తిరిగి పడుకున్నారో అమ్మ వాటిని చూసి చెప్పేసేది.

బొంత కుట్టడంలో అమ్మని మించిపోయింది మా అక్క. కింద ఒక చీర, పైన ఒక చీర, మధ్యలో పాత లుంగీలు, లంగాలు ముడత లేకుండా పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టుకొస్తుంది. కుట్లన్నీ బియ్యపు గింజంత. అక్కని తాటిపాక ఇచ్చారు. బావగారు గల్ఫ్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వచ్చి నెలన్నర ఉండేవారు. ఒక వేసవిలో అక్కడే గుండె ఆగిపోయింది. మనిషిని తీసుకొచ్చారు, దినకార్యాలు అయ్యాయి. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉండకూడదని పదకొండో రోజున ఉన్నవన్నీ ఇచ్చేశాం. నెల తిరిగాక గల్ఫ్ నుంచి ఆయన బట్టల పెట్టె వచ్చింది.

అక్క ఏడవలేదు. ఒక్కో బట్టా మడత విప్పి చూసి, మళ్లీ మడత పెట్టింది. అవి కూడా ఇచ్చేయమన్నారు వాళ్ల అత్తగారు. అక్క ఆయ్ అంది, ఇచ్చేసింది. నీలం గళ్ల చొక్కా ఒక్కటి ఉంచుకుంది.

నేను ఆ వారమంతా అక్క దగ్గరే ఉన్నాను. అత్తగారు పక్కింటికి వెళ్లిన మధ్యాహ్నం అక్క హాల్లో బొంత పరిచింది. ఎదుటి మూల నేను కూర్చున్నాను. లుంగీల మీద ఆ చొక్కా గుండీలతో సహా పెట్టి, దాని చేతులు రెండూ చాపి, అరచేత్తో సాపు చేసింది. నా వైపు చూసింది. సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. పైన చీర కప్పేసింది. ఆ క్షణంలో నాకు బాధ కలిగిందని చెప్పాలని ఉంది కానీ కలగలేదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. వేళకి అన్నం వండేవాళ్లం, తినేవాళ్లం, గిన్నెలు కడిగేవాళ్లం.

మూడేళ్లకి అక్క కూతురు పురిటికి వచ్చింది, సాయానికి నేనూ వెళ్లాను. పసిబిడ్డని కొత్త గుడ్డ మీద వేయరు మా వైపు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ పాత బట్టలే తీస్తారు, వాళ్ల ఆయుష్షు బిడ్డకి వస్తుందని. కూతురితో అమలాపురం ఆసుపత్రికి వెళ్తూ, మంచం మీద పరిచి ఉంచమని అక్క ఆ బొంతే తీసి నా చేతిలో పెట్టింది. లోపలున్నదేమిటో మర్చిపోయింది కాబోలు అనుకున్నాను. పోయినాయన చొక్కా మీద పసిగుడ్డునా? పైగా వియ్యపురాలు చూడ్డానికి వస్తోంది. ఎవరికీ చెప్పకుండా ఒక పక్క కుట్లు విప్పి, చొక్కా లాగి, ఖాళీలో నా పాత చీర ముక్క దూర్చి మళ్లీ కుట్టాను. అక్క కుట్టులాగే వచ్చిందని గర్వపడ్డాను కూడా. చొక్కా తీసుకెళ్లి కాలవలో వదిలేసి వచ్చాను.

ఆడపిల్ల. నాలుగో రోజున ఇంటికి తీసుకొచ్చారు. పాపని బొంత మీద పడుకోబెట్టబోతూ అక్క ఆగి, మధ్యలో అరచేత్తో ఒత్తి చూసింది. చెయ్యి కాస్త పక్కకి జరిపి మళ్లీ ఒత్తింది. తర్వాత వంటింట్లో నా పక్కకి వచ్చి నిలబడింది.

"చొక్కా తీసేసేవా?"

"పసిపిల్ల కదక్కా. నువ్వు మర్చిపోయేవేమో అనుకున్నాను."

"మర్చిపోలేదు. మనవరాల్ని ఎలాగూ ఎత్తుకోలేదాయన. ఒక్కసారి ఆయన గుండెల మీద పడుకోబెడదామని ఆ బొంత తీసేను. ఎక్కడ పెట్టేవు?"

"కాలవలో వదిలేసేను."

"ఆయ్" అంది అక్క. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించింది. వియ్యపురాలికి కాఫీలో పంచదార ఎంత వెయ్యాలని అడిగింది. నేను చెంచాన్నర అన్నాను.

ఇద్దరం ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. కొబ్బరికాయల దింపు, మోకాళ్ల నొప్పులు, మనవరాలి చదువు, అన్నీ వస్తాయి. నేను మంచే చేశాననుకున్నాను. ఆ మాట పైకి అందామంటే నాకే నమ్మకం లేదు. కాలవ గట్టు దాకా వెళ్లి రావడానికి ఆ రోజు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల గురించి అక్కతో ఒక్క మాట అనడానికి ఎనిమిదేళ్లు చాలలేదు.