బూడిద బూజు పట్టిన క్రిస్మస్ మొక్కలు

కడియం నర్సరీల్లో దీనమ్మ ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. చదువు లేదు గానీ, మొక్క వాలకం చూసి జబ్బేమిటో చెప్పేస్తుంది. ఏం లాభం? ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడ్డవాడి మాటే వేదం. ఆమెకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఫోనువాడు యజమాని గణేష్‌బాబు. డిసెంబరులో క్రిస్మస్ మొక్కలు అమ్ముతాడు. ఈసారి వ్యాపారులకి ఫోనులో పంపే వీడియోలో మడి నిండుగా కనపడాలని కుండీలన్నీ ఒకదానికొకటి ఆనించి పేర్పించాడు. ఆకులు మిలమిల మెరవాలని రోజూ సాయంత్రం పైపుతో నిలువునా తడిపించాడు.

"మంచు కాలమండి బాబూ. సాయంత్రం తడిపితే తెల్లారినా ఆరదండి. కాస్త ఎడం పెట్టించండి, బూజు పట్టేస్తాదండి" అంది దీనమ్మ.

"నువ్వేమన్నా ఆఫీసరువా? చెప్పింది చెయ్యి."

పది రోజులు తిరక్కుండా కింది రెమ్మలు మాడినట్టయ్యాయి. వాటి మీద బూడిద రంగు బూజు. ముట్టుకుంటే లేత చివుళ్ళు మెత్తగా ఊడి చేతిలోకొచ్చాయి. సగం మొక్కలు అంతే! గింజ నాటిన దగ్గర్నుంచీ సాకినవి. దీనమ్మ ఊడిన చివుళ్ళు తీసుకెళ్ళి యజమానికి చూపించింది.

గణేష్‌బాబుకి చీమ కుట్టినట్టయినా లేదు. "తడిగుడ్డతో తుడిచి లారీ ఎక్కించండి" అన్నాడు.

"నేను తుడవనండి. పండక్కి కొనుక్కునేది మావాళ్ళేనండి. ఇంటికెళ్ళి వారంలో చస్తాయండి ఇవి."

మిగతా ఆడవాళ్ళు తలొంచుకుని తుడిచారు. మధ్యాహ్నం కాకినాడ వ్యాపారి శ్యాంబాబు లారీతో వచ్చాడు. కింది రెమ్మలు చూసి మొహం చిట్లించాడు.

"ఈ దీనమ్మ నీళ్ళు సరిగా పొయ్యలేదండి, అందుకే కాస్త వాడాయి" అని నవ్వాడు గణేష్‌బాబు.

ఇరవై రెండేళ్ళ పేరు ఆ ఒక్క నవ్వుతో బురదలో కలిసింది. దీనమ్మ ఇక ఆగలేదు. తుడవని కుండీ ఒకటి ఎత్తి శ్యాంబాబు ఎదురుగా గట్టిగా దులిపింది. బూజు పొడి గుప్పున లేచి ఆయన తెల్లచొక్కా నిండా పడింది.

"నీళ్ళు చాలక కాదండి, ఎక్కువై! వద్దన్నా రోజూ సాయంత్రం తడిపించింది ఈయనండి."

లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది.

"రేపట్నుంచి ఈ ఛాయలకి రాకు!" అని అరిచాడు గణేష్‌బాబు.

"రానండి" అంది దీనమ్మ, చేతులు కడుక్కుంటూ. "బూజు పట్టినవి దూరంగా తగలెట్టించండి. మిగతావి ఎడంగా పెట్టించి, పొద్దున్నే నీళ్ళు పోయించండి. నా మీద కోపం వాటి మీద చూపించకండి."