మేకపిల్ల తిన్న రొట్టె

నాలుగేళ్ల మా పాప నోటికి నచ్చినవి రెండే: చక్కెర కలిపిన తెల్లన్నం, బిస్కెట్లు. ఆకుపచ్చగా ఏది కనిపించినా పళ్లు బిగించేది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి, రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు, జొన్నలు అలవాటు చేయమంది. చెప్పడం తేలికే. నేను ఫోన్‌లో బొమ్మలు చూపించాను, చివరికి చీపురుకట్ట కూడా చూపించాను. పాప నోరు తెరవలేదు.

ఎండాకాలం సెలవులకు మక్తల్ దగ్గర మా అత్త ఉండే ఊరికి తీసుకెళ్లాను. అత్తకు మేకలంటే ప్రాణం. వాటిలో ఒక తెల్ల పిల్ల మా పాప వెంటే తిరిగేది. అక్కడ వింత జరిగింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, పెట్టి ఇస్తే పాప పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబెట్టిన మంచం వెనక్కి పోయేది, కాసేపటికి ఖాళీ పళ్లెంతో వచ్చేది. నా సంబరాన్ని పట్టేవాళ్లు లేరు. వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను.

"నీ బిడ్డ రొట్టెలు తింటాంది. నేనంటే ఏమనుకున్నవ్?"

ఒకనాడు పొద్దున మేకపిల్ల లేవలేదు. ఎడమ పక్క కడుపు డోలులా ఉబ్బింది. అత్త దాని నోరు తెరిచి, పళ్ల సందు నుంచి పుంటికూర ఆకు లాగింది. నేరుగా మంచం వెనక్కి పోయి చూసింది. అక్కడ రొట్టె ముక్కలున్నాయి. నేను పోయిన గొప్పలన్నీ వాటి పక్కనే పడి ఉన్నాయి.

"అవ్వా, నేనే పెట్టిన. అది సచ్చిపోతదా?" పాప వెక్కుతూ అడిగింది.

"జర ఆగు బిడ్డా. గిన్ని రొట్టెలు దానికి అరగవు. గాలి నిండి కడుపుబ్బింది." అత్త దానికి నూనె తాగించి, ఒళ్లో వేసుకుని కడుపు రుద్దింది. తర్వాత లేపి వాకిలంతా నడిపించింది. పాప పక్కనే నడుస్తూ దాని వీపు నిమిరింది. మధ్యాహ్నానికి మేకపిల్ల పెద్దగా తేన్చి, నాలుగు పెంటికలు వేసింది. పెంటికలు చూసి అంత సంతోషపడటం నాకదే మొదటిసారి.

అన్నాల వేళ గొడవెందుకని పాపకు చక్కెరన్నమే కలిపాను. ఇంతలో మేకపిల్ల తూలుతూ వచ్చి నా పళ్లెంలో మూతి పెట్టబోయింది. పాప ఆ పళ్లెం లాక్కుని, రొట్టె తుంచి, పప్పులో అద్ది నోట్లో కుక్కుకుంది. పులుపుకు మొహమంతా ముడుచుకుపోయింది. అయినా నమిలింది.

"గంత తొందరేందే?" అన్నాను.

"నేను తినకుంటే అది తింటది. మల్ల కడుపుబ్బుతది."

అత్త ఇంకో రొట్టె వేసింది. ఆనాటి నుంచి మేము తినేటప్పుడు మిగతా మేకపిల్లల్ని కట్టేసేది కానీ, అక్కడున్నన్నాళ్లు ఆ తెల్లదాన్ని మాత్రం కట్టేయలేదు. అది ముట్టకుండా రొట్టెకు తనే చెయ్యి అడ్డం పెట్టేది.

తిరిగొచ్చిన రోజు నాకు దిగులుగానే ఉంది. ఇక్కడ మేకపిల్ల లేదు. అయినా రొట్టె, పప్పు పెట్టాను. పాప గుమ్మం వైపు చూసి, అవ్వకు ఫోన్ కలపమంది.

"అవ్వా, దానికి చెప్పు. దాని రొట్టె నేను తింటున్న, ఫికర్ జెయ్యొద్దని."

మాట్లాడుతూనే పళ్లెం ఖాళీ చేసింది. నమ్మలేక నేను వంగి మంచం కింద కూడా చూశాను. ఒక్క ముక్క లేదు. సంతోషంతో అక్కడే కూలబడి ఏడ్చాను.