బచేలి రీడింగ్ రూములో నలభై ఎనిమిదో అధికరణం

జర్మనీ నేను చూడలేదు. అయినా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ దేశంలో ఏ ఏడు ఏం జరిగిందో ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. బడిలో చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా బచేలి రీడింగ్ రూము పెట్టిన భిక్ష.

ఎనభైల మొదట్లో నేను అక్కడ వ్యాగన్ ఫిట్టర్ని. బైలదిల కొండల ఇనుప ఖనిజం నింపుకుని విశాఖపట్నం వెళ్లే వ్యాగన్ల బ్రేకులు చూడటం నా పని. డ్యూటీ దిగేసరికి చొక్కా, గోళ్లు, చెవులు అన్నీ ఎర్ర దుమ్మే. అందుకని రీడింగ్ రూము గుమ్మం దగ్గర బకెట్, మగ్గు, సబ్బుబిళ్ల పెట్టేవారు. చేతులు కడుక్కోనివాడికి పుస్తకం లేదు. కడుక్కున్నా సరే, నేను తిప్పిన పేజీల మూలలు ఎర్రబడేవి.

ఆ గది రైల్వేవాళ్లం, గనివాళ్లం కలిసి పెట్టుకున్నది. కమిటీలో పదకొండు మంది, ఐదు భాషలు. ఒక వేసవిలో పేచీ వచ్చింది. ఉన్న ఒక్క బల్ల మీద ఏ భాష పేపర్లు పరచాలి? తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? హిందీవాళ్లు ఒకటంటే బెంగాలీలు ఇంకొకటి. తెలుగువాళ్లలోనే రెండు ముఠాలు. కూర్చోవడం, అరుచుకోవడం, లేచిపోవడం. చివరికి ఎవరికీ చెందకుండా గదికి తాళం పడింది. నెల దాటింది. పుస్తకం లేని నెల! నాకు తిండి సయించేది కాదు.

సభ్యులందరి సమావేశంలో ఇక ఆగలేక లేచాను. "ఇన్ని నోళ్లతో పని జరగదు. ఆరు నెలల పాటు కమిటీ వద్దు. అధికారమంతా అధ్యక్షుడికే ఇచ్చేద్దాం" అన్నాను. అధ్యక్షుడు విజయనగరం వైపు నుంచి వచ్చిన పెద్ద ఇంజిన్ డ్రైవరు. అందరికీ గౌరవం. చప్పట్లే చప్పట్లు. నా తీర్మానం నెగ్గింది! జీవితంలో మొదటిసారి ఒక సభ నా మాట విన్నది. అయితే నియమావళి మార్చాలంటే పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు నెగ్గాలి, రెండుసార్లూ మూడింట రెండొంతుల చేతులు లేవాలి. రెండోసారి లాంఛనమే అనుకున్నాం.

డ్రైవరు గారు దానికోసం ఆగలేదు. మర్నాడే తాళం తీయించారు. బల్ల మీద ఏ పేపరు ఎక్కడుండాలో తానే చెప్పారు. కిక్కురుమన్నవాడు లేడు. నేను చేతులు కడుక్కుని బీరువా మీద పడ్డాను. అప్పుడు దొరికింది, హిందీలో ఒక లావుపాటి యూరప్ చరిత్ర. అట్ట ఊడిపోయి ఉంది.

అబ్బ, ఏం పుస్తకం! యుద్ధంలో ఓడిన దేశం. చక్రవర్తి పారిపోయాడు. వైమార్ అనే చిన్న ఊళ్లో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. ఆడవాళ్లకూ ఓటు. ఎన్ని ఓట్లకు అన్ని సీట్లు, కాబట్టి డజను పార్టీలు, ఏ ఒక్కరికీ మెజారిటీ లేదు. ప్రభుత్వం కట్టడం, కూలడం. మొదటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? గుర్రపు జీనులు కుట్టే పనివాడు! ఆ వాక్యం దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాలాంటి చేతిపనివాడు ఒక దేశానికి అధ్యక్షుడు!

ఆ రోజుల్లో ఇంట్లో అన్నం దగ్గర వేరే మాట లేదు. "అక్కడ ధరలు పూటపూటకీ పెరిగిపోయేవి. పొద్దున జీతం తీసుకున్నవాడు పరిగెత్తాలే, సాయంత్రానికి అదే డబ్బుకి రొట్టె రాదు" అని నేనంటే, చేపల పులుసు వడ్డిస్తున్న మా ఆవిడ "ఓలమ్మా! మరి ఆ ఆడోళ్లు ఇల్లెలగ నడిపీవోరు?" అని గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

వారం తిరిగేసరికి ఆ రాజ్యాంగంలోని నలభై ఎనిమిదో అధికరణం దగ్గరికి వచ్చాను. ఆపద వస్తే పార్లమెంటును అడగకుండా అధ్యక్షుడు తానే ఆజ్ఞలు జారీ చేయవచ్చు. జీనులు కుట్టినాయన దాన్ని చాలాసార్లు వాడాడు. చెడ్డవాడు కాదు, ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికే వాడాడు. తరవాత కుర్చీలోకి ఒక ముసలి సేనాని వచ్చాడు. ముప్పైల్లో అరవై లక్షల మందికి పనుల్లేవు. పార్లమెంటులో ఒకరితో ఒకరికి పొసగలేదు. ఇక అంతా ఆజ్ఞలతోనే పాలన. జనానికి అది అలవాటైపోయింది. చివరికి గోధుమరంగు చొక్కాల నాయకుడొచ్చి, చట్టాలు చేసే అధికారం కూడా మాకే ఇవ్వండి, నాలుగేళ్లే అన్నాడు. ఒక్క కార్మికుల పార్టీవాళ్లు, తొంభై నలుగురు, వద్దన్నారు. సభలో ఉన్న మిగతావాళ్లు ఇచ్చేశారు. ఆ నాలుగేళ్లూ మళ్లీ పొడిగిస్తూనే పోయారు.

ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పి, "ఎంత తెలివితక్కువవాళ్లో చూడు!" అన్నాను.

మా ఆవిడ నా కంచంలోకి చూస్తూనే అడిగింది. "ఏటి మావా, మొన్న మీ లైబ్రరీకి నువ్వు సేసింది ఇదే కదేటి?"



"ఇది వేరు. ఆరు నెలలే" అన్నాను.

"ఆళ్లూ నాలుగేళ్లే అన్నారని ఇప్పుడేగా సెప్పినావు."

సిగ్గు ఒకవైపు, ఇంకోవైపు పట్టరాని సంతోషం. నేను చదివిన చరిత్ర మా వంటింటిదాకా వచ్చేసింది! కానీ రెండోసారి ఓటుకి ఇంక వారమే ఉంది. నా తీర్మానాన్ని నేనే ఓడిస్తే గదికి మళ్లీ తాళం పడుతుంది. పుస్తకం ఇంకా సగమే అయింది. ఆ వారం ఏ వ్యాగన్ కింద దూరినా అదే లెక్క.

సమావేశం నాడు లేచి నిలబడ్డాను. హిందీలో మొదలెట్టి తెలుగులోకి జారిపోయాను. "ఈ తీర్మానం వద్దు" అన్నాను.

నా పక్కనే మరైగూడ నుంచి వచ్చిన నా స్నేహితుడు కూర్చున్నాడు. గనిలో లోడింగు పని చేసేవాడు. నా చొక్కా పట్టి గుంజాడు. "ఏంది బావా? పెట్టింది నువ్వే గదా? ఎండ దెబ్బ తగిలిందా ఏంది?" గదంతా ఘొల్లుమంది.

నేను జర్మనీ చెప్పాను. వైమార్ చెప్పాను. వెనకనుంచి ఎవరో "అరే భాయ్, పేపర్ల గొడవకి జర్మనీ దేనికి?" అన్నారు. నేను గోధుమరంగు చొక్కాల నాయకుడి దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు గారి మొహం మాడిపోయింది.

"అంటే నాను ఆడిలాటోడినా బాబూ?"

"అయ్యో, కాదండీ! మీరు ఆ మొదటాయన, జీనులు కుట్టినాయన లాంటివారు. మంచివారు. అందుకే మాకు భయం లేదు. భయం లేకుండా అలవాటు పడిపోతాం. రేపు మీరు బదిలీ అయి వెళ్తే ఆ కుర్చీలోకి ఎవరొస్తారో, వాళ్లకి ఎవరినీ అడగకుండా ఆజ్ఞలిచ్చే అధికారం మనమే తయారుచేసి పెట్టినవాళ్లం అవుతాం."

నా స్నేహితుడు మెల్లిగా, "మల్ల తాళమేస్తే సదివేదెట్ల?" అన్నాడు. "కూర్చుని పోట్లాడుకోవాలి, తెగేదాకా" అన్నాను.

చేతులెత్తమన్నారు. కావలసిన దానికి మూడు చేతులు తక్కువ లేచాయి. డ్రైవరు గారి రెండు చేతులూ మోకాళ్ల మీదే ఉన్నాయి. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు.

మరి నేను గెలిచానా? పదకొండు రోజులు గది తెరుచుకోలేదు. డ్యూటీ దిగి కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాణ్ణి. లోపల బల్ల మీద నా లావు పుస్తకం, నేను గుర్తుకు పెట్టిన టికెట్టు ముక్కతో సహా. కమిటీ రోజూ కూర్చుంది. రోజూ అరుపులు. పన్నెండో రోజున కుదిరింది. తాళంచెవి వారానికొకరి దగ్గర. బల్ల మీద పేపర్లు ఎవరు ముందొస్తే వారు పరుచుకోవచ్చు, కానీ చదవగానే మడిచి పెట్టాలి. ఇంత చిన్నదానికి అంత గొడవ! ఆ ఒప్పందం ఏడాదిలో రెండుసార్లు విరిగింది, రెండుసార్లూ అతికించుకున్నాం.

తెరిచిన రోజు డ్యూటీ నుంచి పరిగెత్తుకుంటూ వెళ్లాను. గుమ్మం దగ్గర నాకన్నా ముందు డ్రైవరు గారు బకెట్ మీద వంగి చేతులు కడుక్కుంటున్నారు. వెనకే నిలబడ్డాను. ఆయన తువ్వాలుతో తుడుచుకుని మగ్గు నా చేతికిచ్చారు.

"బేగి కడుక్కో బాబూ. ఆ జీనులు కుట్టినాయన పేజీ ఎక్కడుందో సూపించు."