అత్తగారి సీసా

క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో తార్నాకలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల నెలల తరబడి క్లాసులు జరగలేదు. ఊరికి పోతే మళ్ళీ పంపరని గదిలోనే ఉండిపోయాను. పొద్దున్నే లాలాగూడ వైపు రైలు కట్ట వెంట నడిచేదాన్ని. మార్చేసిన టెలిగ్రాఫ్ స్తంభాల దగ్గర, తీగలు చుట్టే పింగాణీ బుడ్లు పడి ఉండేవి. కొన్నింటి మీద తయారైన సంవత్సరం అచ్చయి ఉండేది. మా నాన్నకంటే పెద్దవీ దొరికాయి. పాత సీసాలూ ఏరేదాన్ని. వాటి వయసు గాజును చూసి తేల్చుకోవాలి. అంతకుముందు కాలేజీలో ల్యాబు సామాను కోసం గాజు ఊదే గదిలో చాలాసేపు గడిపేదాన్ని కనుక ఆ పని తొందరగానే పట్టుబడింది.

కిటికీలో ఇవన్నీ చూసి ఒక మధ్యాహ్నం ఇంటావిడ వచ్చింది. భర్త పోయాక ఒక్కతే ఉండేది. కొంగులోంచి ఒక సీసా తీసింది. లేత నీలం గాజు, భుజాల దగ్గర ఉబ్బెత్తు పూలు.

"గిది ఎన్నేండ్లదో చెప్తవా? మా అత్త వాళ్ళ అమ్మమ్మ తన పెండ్లప్పుడు తెచ్చుకున్నదట. మా అత్త దేవుని గూట్లె పెట్టి నన్ను ముట్టనియ్యకపోయేది. ఒకసారి తుడిస్తె చెయ్యి మీద కొట్టింది."

వెలుతురులో తిప్పి చూశాను. చేత్తో చేసిన సీసాకు, అచ్చు రెండు సగాలు కలిసే చోట పడే అతుకు గీత మెడ దగ్గరే ఆగిపోతుంది. మూతిని తర్వాత విడిగా దిద్దుతారు. మిషను మీద పోసినదానికి ఆ గీత మూతి అంచు దాకా పోతుంది. దీనికి అంచు దాకా ఉంది.

చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఆమె అడిగింది వయసు. చెప్పాను.

"ఇది మిషన్ మీద చేసిందమ్మా. ఆ అమ్మమ్మ పెండ్లి నాటికి ఇసుంటి మిషన్లే లేవు."

"అంటే మా అత్త అబద్ధమాడిందా?"

"ఆమెకు గూడ ఎవరన్న అట్లనే చెప్పిండ్రేమో."

ఆమె గోరుతో ఆ గీతను కింది నుంచి పైదాకా తడిమింది. మళ్ళీ తడిమింది. సీసా కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నల్లా దగ్గర ఎదురైనా తల తిప్పుకునేది. గది ఖాళీ చేయమంటుందేమోనని విద్యానగర్‌లో ఇళ్ళు చూడటం కూడా మొదలుపెట్టాను.

ఒక ఆదివారం తలంటుకుని ఎండలో కూర్చుంటే ఆమె వచ్చి వెనక కూర్చుంది. చేతిలో ఆ సీసాయే. నిండా కొబ్బరినూనె.

"తల ఇటు పెట్టు," అంది.

అరచేతిలోకి నూనె ఒంపుకుని నా మాడు మీద గట్టిగా రుద్దింది. కాసేపటికి ఆమె భుజాలు కదులుతున్నట్టు అనిపించి తిరిగి చూశాను. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"దీనికి ఎన్ని దండాలు పెట్టిన్నే పిల్లా!" అంది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడు వానాకాలంలో అది ఆమె చేతిలోంచే జారి పగిలింది. గాజు పెంకులు ఊడ్చి గోడవతల పారేసి, అంగడి నుంచి డబ్బా నూనె తెప్పించుకుంది.