తోకలో తొమ్మిది కిలోలు

విద్యావతి మేడం నా స్టోరు కిటికీ దగ్గరికి వచ్చిందంటే నాకు ఒళ్లు మండేది. చేతిలో కాంటా, చంకలో లావుపాటి పుస్తకం. నట్టు ఇచ్చినా, బోల్టు ఇచ్చినా ముందు తూచాలి. రంగు డబ్బా ఇస్తే నిండుగా ఉన్నప్పుడోసారి, ఖాళీ అయ్యాక ఇంకోసారి తూచేది. విమానానికి అంటుకున్న రంగు ఎంతో తెలియాలట.

"ఇది విమానాల కార్ఖాననా, బంగారం దుకాణమా మేడం?" అని ఒకసారి అడిగేశాను.

"బంగారం తూకం తప్పితే ఎవ్వరు చావరు బుగ్గన్నా" అని తన పాటికి తాను రాసుకుంది.

ఆమెది చిక్కడపల్లి. తండ్రికి నారాయణగూడలో ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. బిందెలైనా గంగాళాలైనా తూకానికే అమ్ముతారు కాబట్టి పలక కంటే ముందే కాంటా పట్టుకుంది. డిప్లొమా చదివి డెబ్బైలలో బాలానగర్‌లోని మా కార్ఖానాలో చేరింది. డ్రాయింగ్ సెక్షన్‌లో మొదటి ఆడమనిషి. ఆడమనిషి కదా అని, ఎవరూ ముట్టని పని ఆమెకు అంటగట్టారు. అదే బరువుల పట్టిక, విమానంలోకి ఎక్కే ప్రతి వస్తువూ తూచి రాసే పుస్తకం. ఇరవై ఏళ్లయ్యేసరికి ఆ పట్టిక మీద ఆమె సంతకం లేనిదే ఏ విమానమూ నేల విడవని స్థితి తెచ్చింది. గట్టి మనిషి. నాకు నచ్చకపోయినా ఆ మాట ఒప్పుకోవాలి.

తొంభై నాలుగులో మాకొక పెద్ద పని దొరికింది. ఏదో చిన్న దేశం తన వైమానిక దళంలోని నాలుగు పాత శిక్షణ విమానాలను పంపింది. కుర్రవాళ్లకు ఆకాశంలో ఓనమాలు దిద్దించే విమానాలవి. వాటి పిస్టన్ ఇంజిన్లు పీకేసి టర్బోప్రాప్ ఇంజిన్లు పెట్టాలి. అది జెట్ ఇంజిన్ లాంటిదే, కాకపోతే ముందున్న పంకాను తిప్పుతుంది. రెక్కల కింద మెషిన్ గన్లూ రాకెట్లూ తగిలించే కొక్కేలు కూడా అమర్చాలి. ఒక్క మాటలో చెప్పాలంటే బడిపంతులు చేతికి తుపాకీ ఇవ్వాలి.

చిక్కంతా బరువుతోనే వచ్చింది. కొత్త ఇంజిన్ పాతదానిలో సగం కూడా తూగదు. ముక్కు తేలికైతే తోక కుంగుతుంది, విమానం చెప్పిన మాట వినదు. అందుకని ముక్కును మూరెడు ముందుకు సాగదీసి, ఇంజిన్‌ను ఆ చివరన పెట్టారు. ఎంత సాగదీయాలో లెక్క కట్టి చెప్పింది విద్యావతి మేడమే.

తొంభై ఐదు దసరాకు మొదటి విమానం దాదాపు సిద్ధమైంది. ఏటా ఆయుధపూజకు విమానాలు నిలిపే హ్యాంగరు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేవాళ్లం. ఆ ఏడు మా చీఫ్ ఇంజినీరు విశ్వేశ్వరరావు గారు వద్దన్నారు. "విదేశీయులు వస్తున్నారు. వాళ్ల ముందు గుమ్మడికాయలేంటి, నవ్విపోతారు" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇరవై నెలలు పడిన పాటు, దిష్టి తగలదా? చిక్కడపల్లి మార్కెట్లో ఉన్న వాటిలో పెద్ద కాయ కొన్నాను. తోక భాగం మూసి సీలు వేయడానికి ముందురోజు పసుపు కుంకుమ పెట్టి, తాడుతో లోపలి పట్టీకి కట్టి వచ్చాను. స్టోరులోంచి పోయిన వస్తువు కాదు గనక ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

నవంబరులో తూకం వేశారు. ఆ తూకం ఒక పెద్ద తతంగం. గాలి తగిలితే రెక్క కొంత బరువును మోసేస్తుంది కాబట్టి హ్యాంగరు తలుపులు బిగించి, పంకాలు ఆపేస్తారు. చెమటలు కక్కుతూ విమానం మూడు చక్రాలనూ మూడు కాంటాల మీదికి ఎక్కించాం. మేడం పట్టిక చెప్పిన బరువు కంటే తొమ్మిది కిలోలు ఎక్కువ తూగింది. ఏ చక్రం మీద ఎంత పెరిగిందో ఆమె అక్కడే నేల మీద కూర్చుని లెక్క వేసి లేచింది.

"ఈ తొమ్మిది కిలోలు తోకల ఉన్నయ్ సార్. తెరిచి చూడాలె."

ఆ తొమ్మిది కిలోలేమిటో నాకు తెలుసు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు.

"తోక తెరిస్తే కంట్రోలు తీగలు మళ్లీ పరీక్షించాలి, రంగు మళ్లీ వేయాలి. నాలుగు రోజులు పోతాయి. ఆ విదేశీయులు సోమవారం వస్తున్నారు. ముక్కులో సీసం పెట్టి సరిచేసేయండి" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

"అదేందో తెల్వకుండ సీసమెట్ల పెడ్త సార్? రాకెట్ విడవనీకి ముక్కు దించి మళ్ల లేపాలె. అప్పుడు లోపలిది కదిలి తీగలు పట్టేస్తే ముక్కు లేవదు, ఉదయ్ కుమార్ సార్ ఏం జేస్తడు?"

ఉదయ్ కుమార్ మా పైలట్. ముప్పై నాలుగేళ్ల మనిషి, నవ్వుతూ తిరిగేవాడు.

"తప్పు నీ పట్టికలోనే ఉందేమో! సోమవారంలోగా సంతకం పెట్టు. లేదంటే నీ లెక్క తప్పని నేనే రాసి, ఈ సెక్షన్ నుంచి నిన్ను తీసేస్తాను" అన్నారు చీఫ్.

కాంటాల్లో తప్పుందేమోనని ఆమె మమ్మల్నందరినీ ఒక్కొక్కరినీ వాటి మీద నిలబెట్టి తూచింది. నన్ను కూడా. కాంటాలు సరిగ్గానే ఉన్నాయి.

ఆదివారం ఉండబట్టలేక, చెప్పేద్దామని కవాడిగూడ నుంచి నడుచుకుంటూ చిక్కడపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. అశోక్‌నగర్ లైబ్రరీలో ఉందన్నారు. అక్కడ గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లల మధ్య, ముందు ఆ పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న అమ్మాయి "ఏ ఎగ్జామ్ రాస్తున్నరు అక్కా?" అని అడుగుతోంది. మేడం కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాలుగు వందల పేజీలు మళ్ల కూడుతున్న బుగ్గన్నా. రెండుసార్లు కూడిన. ఎక్కడ తప్పిన్నో దొరుకుత లేదు" అంది. అంటూ అంటూనే ఏడ్చేసింది. ఇరవై ఏళ్లలో ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు.

చెప్పలేదు. పిరికివాణ్ణి. "టీ తాగి వస్త" అని లేచి, ఇటు ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున అతిథులు ఆఫీసు గదిలో కూర్చున్నారు. హ్యాంగరులో చీఫ్ కాగితం ముందుకు తోశారు. మేడం చేతులు కట్టుకుని నిలబడింది.

"నా లెక్క తప్పైతే నన్ను తీసెయ్యుర్రి సార్. తోక తెరవనిదే నేనైతే సంతకం పెట్ట."

ఉదయ్ కుమార్ వాచీ చూసుకుని "పోనీ సీసం పెట్టండి సార్, నేను ఎగురుత. ఈ గొడవెందుకు?" అంటూ హెల్మెట్ అందుకున్నాడు.

అది చూసి నేను వెళ్లి చీఫ్ ముందు నిలబడ్డాను.

"తెరువుండ్రి సార్. లోపట గుమ్మడికాయ ఉంది. నేనే పెట్టిన" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. తోక తెరిచారు. తాడు ఎప్పుడో తెగిపోయింది. కాయ దొర్లి వెనక్కి వెళ్లి, కంట్రోలు తీగ తిరిగే కప్పీకి ఆనుకుని ఉంది. ఉదయ్ కుమార్ దాన్ని చూసి, హెల్మెట్ కింద పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు. మేడం కాయను తన కాంటా మీద పెట్టింది. తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. "తోకలో గుమ్మడికాయ, తీసివేయబడినది" అని పట్టికలో రాసి, కింద నాతో సంతకం పెట్టించింది.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ తూస్తే ఆమె లెక్కకు సరిగ్గా సరిపోయింది. అప్పుడు సంతకం పెట్టింది. విమానం ఎగిరింది, రెక్కల కింద బరువులు తగిలించుకుని ముక్కు దించి మళ్లీ పైకి లేచింది, క్షేమంగా దిగింది. చీఫ్ ఆమెకు క్షమాపణేమీ చెప్పలేదు. నాకు మాత్రం మెమో ఇచ్చి, స్టోరు నుంచి గేటు దగ్గరికి మార్చారు. ఉద్యోగం మిగిలింది, అదే పదివేలు.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో ఆమె పక్క సీటులో కూర్చున్నాను. "నన్ను మాఫ్ చెయ్యి అమ్మా" అన్నాను.

"కాయ పెట్టినందుకు నాకేం కోపం లేదు. మన మంచికే పెట్టినవ్. గని నన్ను నేనే నమ్ముత లేనని ఏడుస్తుంటె చూసి లేచిపోయినవ్. గది మాఫ్ చేసుడు నాతోని కాదు" అంది. చిక్కడపల్లి రాగానే దిగిపోయింది.

రెండో విమానం తోక మూసే రోజు నన్ను గేటు దగ్గర నుంచి పిలిపించింది. చేతికి టార్చి ఇచ్చి, "లోపట ఏం లేదని చూసి సంతకం పెట్టు" అంది. చూసి పెట్టాను. మూడోదానికి, నాలుగోదానికి కూడా నా చేతనే పెట్టించింది. ప్రతిసారీ నేను చూసి బయటికి రాగానే, ఆ టార్చి నా చేతిలోంచి తీసుకుని, తాను మళ్లీ చూసేది.