వెర్నాకు ఎవరూ ఇవ్వని ఇత్తడి బిళ్ళ

అమెరికాలో మా ఈరీ ఊళ్ళో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరుగుతుంది, కాదనను. కానీ ఆ ఉప్పు కార్ల కిందికి చేరి, తుప్పు పట్టించి, ఒక్క బోల్టును కూడా బతకనివ్వదు. అందుకే ఇక్కడ సొంత కారు సొంతంగా బాగుచేసుకునే ప్రతి మనిషీ ఏడాదికి ఒక్కసారైనా వెర్నా సొబ్‌చాక్ గరాజు ముందు నిలబడాల్సిందే.

గరాజు వాకిట్లో నడుమెత్తు బల్ల అడ్డంగా ఉంటుంది. బల్ల అవతల వెర్నా ఉంటుంది. డెబ్బై ఒకటో ఏట కూడా నడుము వంగలేదు, నోరూ తగ్గలేదు. వెనక గోడ నిండా పనిముట్లు. ఒక్కొక్క దాని చుట్టూ ఎర్ర రంగుతో దాని ఆకారం గీసి ఉంటుంది, ఏది లేకపోయినా ఇట్టే తెలిసిపోయేలా. ఏదైనా తీసుకెళ్ళేవాళ్ళు అది వేలాడే మేకుకు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి, తిరిగి తెచ్చినప్పుడు బిళ్ళ పట్టుకుపోవాలి. డాలరు ముట్టదు. బిళ్ళ మరిచిపోయి వస్తే మాత్రం చర్చి పాస్టరుకైనా స్క్రూడ్రైవరు కూడా ఇవ్వదు.

ఈ పద్ధతి ఆమెకు ఫ్యాక్టరీలో అబ్బింది. రైలింజన్ల భాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిముట్ల గది కిటికీ దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చుంది. మిషన్ల మీద పనిచేసే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉండేది, అది తీసుకునే వెర్నా పనిముట్టు ఇచ్చేది. తనకూ మిషను పని ఇవ్వమని వెర్నా రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండుసార్లూ ఫోర్‌మన్ నవ్వి, నీ చేతులు లెక్కపెట్టడానికే బాగున్నాయమ్మా అని పంపేశాడు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున చెత్తలో పారేసిన బిళ్ళల్ని రెండు కాఫీ డబ్బాల నిండా ఏరి తెచ్చుకుని, తర్వాత వీధిలో వాళ్ళకు తలా ఒకటి ఇచ్చింది. ఆ నవ్వును కూడా తెచ్చుకుందని ఎవరికీ చెప్పలేదు.

అయితే ఆమె తెలివి చూసి తీరాలి. డ్వేన్ అనే పోస్ట్‌మన్ ఒకసారి ముందు చక్రం కీలు ఊడిరావడం లేదని పెద్ద సుత్తి అడిగాడు. వెర్నా మూడు ప్రశ్నలు వేసి, రెండు కొమ్ములూ ఒక మరా ఉన్న చిన్న పనిముట్టు చేతిలో పెట్టింది. సుత్తితో బాదితే రబ్బరు చిరుగుతుందని, దీన్ని బిగిస్తూ పోతే అదే టక్కున ఊడుతుందని చెప్పింది. పావుగంటలో ఊడింది. సన్నని సందులో పడిన నట్టును ఏరే అయస్కాంతపు కడ్డీ, పక్కనుంచి తీగ దూరడానికి చీలిక ఉన్న సాకెట్, చెయ్యి పట్టని చోటికి మెడ వంచి పోయే పట్టకారు, అన్నిటి గుణం ఆమెకు తెలుసు. ఇంత తెలిసీ తన చేత్తో ఒక్క బోల్టు విప్పింది లేదు. ఆమె కారును కూడా ఎదురింటి లియాన్ విటేకరే చూస్తాడు. అతను రిటైరైన బస్సు మెకానిక్.

మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, మూలింట్లో ఉండే కోరీన్ పరుగున వచ్చింది. ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో ఆమెకు కొత్తగా ఉద్యోగం దొరికి మూడు వారాలే అయింది. అప్పటికే ఒకసారి ఆలస్యంగా వెళ్ళింది. ఇంకోసారి జరిగితే రావద్దన్నారు. ఆదివారం పొద్దున ఆరింటికి డ్యూటీ, ఆ వేళకు బస్సుండదు. వెనక బ్రేకులు కీచుమంటున్నాయని చక్రాలు విప్పి, కొత్త ప్యాడ్లు వెయ్యబోయి సగంలో ఇరుక్కుపోయింది. ప్యాడ్‌ను తోసే పిస్టన్ లోపలికి పోవడం లేదు. బిగించే క్లాంపు పెట్టి నొక్కబోతే అది జారి బొటనవేలు చీరింది. వేలికి గుడ్డ చుట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడింది.

"వెనక చక్రాలేనా? చేతి బ్రేకు కూడా వాటిలోనేనా?" అని అడిగింది వెర్నా.

"అవును మిస్ వెర్నా."

"అయితే నొక్కితే ఛస్తే పోదు. తిప్పుతూ నొక్కాలి."

చిన్న పెట్టె ఒకటి దించింది. అందులో రెండు మరలు, పిస్టన్ గుంటల్లో పట్టే రకరకాల గుండ్రటి అచ్చులు. అప్పుడే లియాన్ కూడా వచ్చాడు. కుడి మణికట్టుకు పట్టీ. పోయిన వారం మంచు మీద జారిపడ్డాడు. ముగ్గురికీ కలిపి ఆరు చేతులున్నాయన్నమాటే గానీ, పిడి పట్టి తిప్పగలిగిన జత ఒక్కటే.

"ఏం చూస్తావ్ వెర్నా, పద. చీకటి పడితే వేళ్ళు కొంకర్లు పోతాయి" అన్నాడు లియాన్.

ఇచ్చేదాన్నే గానీ చేసేదాన్ని కాదని నసిగింది. కోరీన్ వేలికి చుట్టిన గుడ్డ ఎర్రబడుతుంటే చూసి, పెట్టె చంకలో పెట్టుకుని బల్ల దాటి వచ్చేసింది.

కుడి చక్రం దగ్గర అట్టముక్క పరుచుకుని కూలబడింది. మరకు అచ్చు తగిలించి, దాని మీది రెండు బొడిపెల్ని పిస్టన్ గుంటల్లో పెట్టి పిడి తిప్పింది. కాసేపు మొరాయించి పిస్టన్ కదిలింది. వెన్నలో కత్తి దిగినట్టు లోపలికి పోయింది. ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్న మనిషికి మొదటి ముద్ద దొరికినట్టుంది వెర్నా ముఖం.

ఎడమ చక్రం మాత్రం ససేమిరా అంది. గట్టిగా తిప్పమని లియాన్, ఇంకా గట్టిగా అని లియాన్. ఇది విరిగితే కోరీన్ ఉద్యోగం కూడా దీంతోపాటే పోతుంది. పట్టుపట్టి తిప్పబోయి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నువ్వు కాసేపు నోర్మూసుకో లియాన్. పెట్టెలో మరలు రెండున్నాయి. ఎవడూ పనిలేక రెండు చెయ్యడు."

రెండో మరను వెలుతురుకు పట్టి చూసింది. దాని గాట్లు ఎదురు దిక్కుకు ఉన్నాయి. దాన్ని బిగించి ఎడమ వైపుకు తిప్పింది. పిస్టన్ సాఫీగా లోపలికి పోయింది. నలభై ఏళ్ళు బస్సులు బాగుచేసిన లియాన్ నోరెళ్ళబెట్టి, నాకిది తట్టలేదని ఒప్పుకున్నాడు.

ప్యాడ్లూ చక్రాలూ బిగించాక, బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కించి, కోరీన్‌ను వీధి చివరిదాకా నడిపి చూడమంది. రెండుసార్లు ఆపి చూపించింది పిల్ల. ఆదివారం ఆరింటికి పది నిమిషాల ముందే డ్యూటీలో ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం లియాన్ గరాజుకొచ్చి గోడవైపు చూశాడు.

"నిన్న పెట్టె బయటికెళ్ళింది, మేకుకు బిళ్ళ లేదు. రూలు నీదేగా?"

వెర్నా మామూలుగా అయితే వాత పెట్టేది. ఈసారి తల దించుకుంది.

"నా దగ్గర బిళ్ళ లేదు లియాన్. ఫ్యాక్టరీలో నాకు ఎప్పుడూ ఇవ్వలేదు."

లియాన్ కాఫీ డబ్బాలో వెతికి నంబరు కొట్టని బిళ్ళ ఒకటి తీశాడు. అక్షరాలు కొట్టే అచ్చుల్ని ఆమెను పట్టుకోమని, ఎడం చేత్తో సుత్తి దించుతూ కొట్టాడు. కొట్టింది నంబరు కాదు, ఆమె పేరు. ఒక అక్షరం పైకి, ఒకటి కిందికి పోయి అష్టవంకర్లుగా వచ్చింది.

ఇంత వికారంగా ఉందేంటని వెర్నా విసుక్కుంది. బిళ్ళను చొక్కా అంచుతో తుడిచి, వెళ్ళి పెట్టె దించి, ఆ మేకుకు తగిలించింది.

"నా కారు వెనక బ్రేకులు కీచుమంటున్నాయి" అంది. "నువ్వు ముట్టుకోకు. పక్కన కూర్చుని చూడు."