ఒట్టు నా నెత్తిన, సాయంత్రాలు నూకాలువి

ఈమధ్య బీచి రోడ్డులో మట్టి గ్లాసుల్లో బెల్లం టీ పోస్తున్నారు. అల్లం దంచి వేసి మరిగించిన ఆ టీ వాసన తగిలితే పక్కనున్నవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. అరవైకి దగ్గరపడి, మనవల్ని ఎత్తుకున్న మనిషిని ఇంకా నూకాలు మీద కుళ్లుకుంటున్నానని చెప్పుకోవడం సిగ్గే, అయినా ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

మేము వన్ టౌన్‌లో, ఫిషింగ్ హార్బరుకు నడిచిపోయేంత దూరంలో, ఒక పెంకుటింటి వాటాలో ఉండేవాళ్లం. మా నాన్న పల్లెలో నాగలి వదిలి వచ్చి పోర్టులో ఓడల సరుకు దించే పనిలో చేరినవాడు. డెబ్బైల చివర్లో, నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్న రోజుల్లో, సాయంత్రం పని ముగిసే సైరన్ మోగిన గంటకు సారా వాసనతో, చేతిలో నూనె కారే వేడి పకోడీల పొట్లంతో గుమ్మంలోకి వచ్చేవాడు. తాగి వచ్చినప్పుడు నన్ను భుజానికెత్తుకుని వీధంతా తిప్పేవాడు, అమ్మను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేవాడు. పకోడీలు తింటూ ఆ తిట్లు వినపడనట్టు ఉండడం నాకు అలవాటైపోయింది. ఒక వానాకాలం తాగి పనిలోకి వెళ్లి, తడిసిన ఓడ నిచ్చెన మీంచి జారి, తలకు కుట్లు వేయించుకుని వచ్చాక, అమ్మ నన్ను లాక్కొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"గుంట నెత్తి మీద సెయ్యెట్టి సెప్పు, ఇంక ముట్టనని."

నాన్న చెయ్యి పెట్టి చెప్పాడు. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన పెట్టారో వాళ్లకే కీడని మా వైపు గట్టి నమ్మకం. నాకు భయం వెయ్యలేదు సరికదా, వీధిలో ఏ పిల్లకూ లేని గొప్ప నాకొచ్చిందని పొంగిపోయాను.

ఆ గొప్ప వారం కూడా నిలవలేదు. సైరన్ మోగి పని నుంచి ఇంటికి చేరితే చాలు, నాన్నకు చేతులు వణికేవి, ఒంటినిండా చెమటలు పట్టేవి, ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ ఊరకే గుటకలు మింగేవాడు, నేను ఎదురొస్తే మొహం తిప్పుకునేవాడు. తర్వాత చొక్కా వేసుకుని అప్పన్న మావయ్య దగ్గరికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. అప్పన్న మావయ్య సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి, ఏ వరసా లేకపోయినా నాన్నకు "బావ". హార్బరు పక్కన తన పాక ముందు చిరిగిన వలలు బాగుచేసుకుంటూ, నాన్నకూ ఒక వెదురు సూది ఇచ్చి కూర్చోబెట్టేవాడు. చీకటి పడేదాకా, అంటే సారాకొట్టు కిటకిటలాడే గంటంతా, నాన్న అక్కడే ఉండేవాడు.

ఒకరోజు నాన్నకు తెలియకుండా వెనకాలే వెళ్లాను. ఎండుచేపల వాసన, ఐసు ఫ్యాక్టరీ నుంచి కారే చల్లటి నీళ్లు, పడవలకు కొత్తగా వేసిన రంగు, వాటన్నిటి మధ్య పొయ్యి మీద మరుగుతున్న బెల్లం టీ. అప్పన్న మావయ్య కూతురు నూకాలు, నా ఈడుదే, గ్లాసు నిండా పోసి నాన్నకు అందిస్తోంది. నాగులచవితికి అమ్మ నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి, సారాకు నాలుక పీకినప్పుడు నమలమని నాన్న జేబులో పెట్టిన ఉండల్లో ఒకటి దాని బుగ్గలో ఉంది. టీ అయ్యాక ఇద్దరూ గచ్చకాయలు మొదలుపెట్టారు. వణికే చేత్తో నాన్న ఎగరేసిన కాయ ప్రతిసారీ జారి ఇసుకలో పడుతోంది. "మావా, నీకన్నా మా నాయనమ్మ నయం" అని అది వెక్కిరిస్తే నాన్న పగలబడి నవ్వాడు. ఒట్టు పెట్టింది నా నెత్తి మీద, నవ్వేది దానితోనా? గచ్చకాయల్లో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు, ఆ సంగతి నాన్నకు తెలియనే తెలియదు. నూకాలుకు జ్వరం రావాలని, వాళ్ల పాక గాలికి ఎగిరిపోవాలని దారిపొడుగునా అమ్మవారికి మొక్కుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు నాన్న పని నుంచి వచ్చి మళ్లీ చొక్కా వేసుకోగానే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నాన్నా, ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. ఇంక నాకేటీ అవదు. ఇంటికాడే ఉండు."

పిల్లల ఆటల్లో ఆ మాట అంటే ఒట్టు పోయినట్టే. ఒట్టుతో బాటు ఇంకేం పోతుందో నాకు తట్టలేదు. అమ్మకు తట్టింది, బియ్యం చెరుగుతున్నది చాట పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది.

నాన్న గడప మీద కూలబడి, వీధి చివరనున్న సారాకొట్టు వైపు చాలాసేపు చూశాడు.

"తీసీసినావా," అన్నాడు మెల్లగా. "నిన్ను సూత్తే ఒట్టు గుర్తొత్తాది గుంటా. ఒట్టు గుర్తొత్తే సారా గుర్తొత్తాది. అందుకే నాను ఈ గంట నీకాడ ఉండలేను."

లేచి నడిచాడు. సారాకొట్టు ముందు ఆగాడు. అమ్మ నా భుజం పట్టుకుంది, ఆమె గోళ్లు గుచ్చుకున్నా నేను కదల్లేదు. నాన్న ఎంతసేపు అలా నిలబడ్డాడో చెప్పలేను గానీ, చివరికి పక్కకు తిరిగి హార్బరు దారి పట్టాడు. ఆ రోజే కాదు, ఏ ఒట్టూ లేకుండానే బతికినంతకాలం మళ్లీ ముట్టలేదు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నూకాలే గెలిచిందని ఏడ్చాను. రెండేళ్ల పాటు ఆ గంట దాని పాలే అయింది, ఆ తర్వాత నాకు గచ్చకాయలాడే వయసు దాటిపోయింది.

ఇప్పుడా సారాకొట్టు లేదు. మా పెంకుటిల్లు పోయి మూడంతస్తుల మేడ లేచింది, అప్పన్న మావయ్య పాక ఉన్నచోట గోడ కట్టేశారు. నాన్న పోయి పదేళ్లు దాటింది. మొన్న చేపలకని హార్బరుకు వెళితే గంప ముందు నూకాలు కనిపించింది, జుట్టంతా నెరిసిపోయింది. బేరం ఆపేసి, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది అడిగేశాను, ఆ సాయంత్రాలన్నీ మా నాన్న మీతో ఏం మాటలు చెప్పేవాడని.

"ఏటి సెప్తాడు? సీకటడిందా, ఇంటికెల్లిపోవచ్చా, గుంట ఎదురు సూత్తంటాది అని పదిమాట్లు అడిగీవోడు," అంది, చేప పొలుసు తీస్తూ.

నాన్న ఆ మాట నాతో ఒక్కనాడూ అనలేదు. అది కూడా నూకాలుకే దక్కింది.